సంక్రాంతికి ఇంటికి తాళం వేసి ఊరెళ్తున్నారా? మా కాలనీలో ఏటా వచ్చే ప్రశ్నలు, జవాబులు

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే మా కాలనీ సంక్షేమ సంఘం గ్రూపులో ప్రశ్నలు మొదలవుతాయి. తాళం ఎలాంటిది వేయాలి, బంగారం ఎక్కడ పెట్టాలి, పోలీసులకు చెప్పాలా వద్దా. నిరుడు అడిగినవే, అంతకుముందు ఏడు కూడా అడిగినవే. కార్యదర్శిగా విడివిడిగా చెప్పీ చెప్పీ గొంతు పోయి, ఈసారి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ప్రమాదంలో ఉంటే 112కి ఫోన్ చేయండి, మనకు అలవాటైన 100 కూడా పనిచేస్తుంది. ఫోన్‌లో డబ్బు పోతే 1930.

## ఊరెళ్లే ముందు: ఇల్లు

ఇంట్లో ఎవరూ లేరని దొంగకి ఎలా తెలుస్తుంది?

మన ఇల్లే చెబుతుంది. పగలు ఒకసారి బండి మీద వీధంతా తిరిగి చూసుకుని, రాత్రికి వస్తారు. ధనుర్మాసంలో వీధి పొడవునా గుమ్మాల ముందు ముగ్గులుంటాయి. ఒక్క ఇంటి ముందు మాత్రం కల్లాపి కూడా లేకుండా దుమ్ము పట్టి ఉంటే, ఇక వేరే బోర్డు ఎందుకు? గేటుకు బయటివైపు వేలాడే పెద్ద తాళంకప్ప, వరండాలో పడి ఉన్న మూడు రోజుల పేపర్లు, గేటు కమ్మీల్లో ఇరుక్కున్న పాంప్లెట్లు కూడా అదే మాట చెబుతాయి. అన్నిటికంటే పెద్ద ఆనవాలు మిట్టమధ్యాహ్నం వెలిగే వరండా బల్బు. నిరుడు కనుమ మర్నాడు మా మూడో లైనులో నడుస్తూ లెక్కపెట్టాను. ఐదు ఇళ్లలో పగలే బల్బులు వెలుగుతున్నాయి. ఐదింటికీ తాళాలే. దొంగల భయంతో లైటు వేసి వెళ్లారు పాపం, అదే వాళ్ల అడ్రసు చెబుతోంది.

అయితే లైటు వేసి వెళ్లకూడదా?

వేయాలి, కానీ రాత్రి వెలిగి పొద్దున ఆరిపోయేలా ఉండాలి. చీకటి పడగానే తనంతట వెలిగే సెన్సర్ బల్బులు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి, మామూలు హోల్డర్‌లోనే పెట్టుకోవచ్చు. టైమర్ ఉన్న ప్లగ్ కొంటే హాల్లో లైటును రోజూ సాయంత్రం ఏడుకి వెలిగి పదికి ఆరిపోయేలా పెట్టుకోవచ్చు. ఆ ఖర్చు కూడా వద్దనుకుంటే పక్కింటివాళ్లకు బయటి స్విచ్ అందేలా ఏర్పాటు చేసుకోండి.

ఎలాంటి తాళం వేస్తే మంచిది?

అందరూ తాళం గురించే అడుగుతారు. చాలా ఇళ్లలో పగిలేది తాళం కాదు, ఊడేది గొళ్ళెం. ఎనిమిది లీవర్ల తాళం కొని, దాన్ని అర అంగుళం స్క్రూలతో బిగించిన గొళ్ళేనికి వేస్తాం. గునపంతో ఒక్క పెకలింపుకి స్క్రూలతో సహా ఊడొస్తుంది, తాళం మాత్రం చెక్కుచెదరకుండా దానికే వేలాడుతూ ఉంటుంది. వడ్రంగిని పిలిచి గొళ్ళేనికి తలుపు అవతలి దాకా వెళ్లే బోల్టులు వేయించి, లోపలివైపు నట్టు బిగించమనండి. బయటికి కనిపించని ఇంటర్‌లాక్ ఉంటే ఇంకా మేలు. గేటుకైతే గొలుసు తిప్పి తాళం లోపలివైపుకి వచ్చేలా వేయండి. గుమ్మానికి పరదా వేలాడదీస్తే తలుపు తాళం వీధిలోకి కనిపించదు. ఇది పైసా ఖర్చులేని పని.

ముందు తలుపుకి ఇంత చేసి, పెరటి తలుపు పాత గడియకే వదిలేసేవాళ్లు ఎక్కువ. దొంగ వీధివైపు నుంచే రావాలని రూలేం లేదు. బాత్రూమ్ వెంటిలేటర్ అద్దాలు, మేడ మెట్ల తలుపు, స్లాబ్ మీదికి వంగిన జామకొమ్మ, అన్నీ ఒకసారి చూసుకోండి. పెరట్లో నిచ్చెన, గునపం, పార ఉంటే లోపల పెట్టండి. చాలాసార్లు తలుపు పగలగొట్టేది మన గునపంతోనే.

తాళంచెవి ఎక్కడ పెట్టి వెళ్లాలి?

చెప్పుల స్టాండు, మీటర్ బాక్సు, పూలకుండీ, తులసికోట వెనక, కిటికీ పైన సన్‌షేడ్. ఈ ఐదు చోట్లూ మీకు తెలిసినంత బాగా దొంగకీ తెలుసు. ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, రెండోది నమ్మకమైన మనిషి చేతికివ్వండి. ఇంటి బయట ఎక్కడా పెట్టకండి.

పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లాలంటే మొహమాటంగా ఉంది. ఏమని అడగాలి?

"కాస్త ఇల్లు చూస్తుండండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పని చెప్పండి. "పిన్నిగారూ, మీ గుమ్మం ముందు ముగ్గు వేసేటప్పుడు మా గేటు ముందు కూడా ఇన్ని నీళ్లు చల్లి, నాలుగు గీతలు లాగించండి. పేపరు వస్తే లోపలికి విసిరేయండి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి మా గుమ్మం వైపు చూడండి." ఇంతే. మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి, పెద్దవాళ్లు ఫోన్‌లో వెతుక్కోలేరు. వాళ్లూ ఊరెళ్తుంటే వీధి చివర ఎవరుంటారో కనుక్కోండి. మా లైనులో ఇప్పుడు వంతులు వేసుకున్నాం. సంక్రాంతికి వెళ్లేవాళ్ల ఇళ్లు ఉగాదికి వెళ్లేవాళ్లు చూస్తారు. వచ్చేటప్పుడు అరిసెలు తేవడం రూలు కాదు కానీ, తేనివాళ్లు ఇప్పటిదాకా లేరు.

పాలు, పేపరు ఆపమంటే, మనం లేమని ఇంకో నలుగురికి తెలుస్తుంది కదా?

తెలుస్తుంది. అయినా గుమ్మంలో పాల ప్యాకెట్లు పేరుకోవడం కంటే అదే నయం. అంతకంటే మంచి దారి, ఆపకుండా పక్కింట్లో వేయమనడం. పాలు వాళ్లు వాడుకుంటారు, పేపరు వాళ్లు చదువుకుంటారు.

పోలీసులకు చెప్పి వెళ్లాలా? వాళ్లకు చెబితే ఏం చేస్తారు?

చెప్పండి. స్టేషన్‌కి వెళ్లి ఇంటి నంబరు, ఎన్ని రోజులు ఉండరో, మీ ఫోన్ నంబరు, పక్కింటివాళ్ల నంబరు ఇస్తే రాసుకుంటారు, రాత్రి గస్తీలో ఆ వీధి చూసుకుంటారు. రుసుమేమీ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తాళం వేసిన ఇళ్ల కోసం ఒక ఏర్పాటు ఉంది. యాప్‌లో నమోదు చేసుకుని ఊరెళ్లే తేదీలు ఇస్తే పోలీసులు ఇంట్లో కెమెరా పెడతారు, లోపల కదలిక కనిపిస్తే కంట్రోల్ రూముకు సమాచారం వెళుతుంది. దీనికీ డబ్బు కట్టక్కర్లేదు. మీ ఊళ్లో కెమెరాలు అందుబాటులో ఉన్నాయో లేదో వారం ముందే స్టేషన్‌లో కనుక్కోండి, భోగి ముందురోజు వెళితే దొరకడం కష్టం.

సీసీ కెమెరా ఉంది, ఇంకేం టెన్షన్ అనుకోవచ్చా?

మా కాలనీలో ఒకాయన నాలుగు కెమెరాలు పెట్టించుకుని, ఊరెళ్లేటప్పుడు షార్ట్ సర్క్యూట్ భయంతో మెయిన్ ఆపేసి వెళ్లారు. కెమెరాలూ, వైఫై కూడా ఆగిపోయాయి. అదృష్టం కొద్దీ ఏమీ పోలేదు. మెయిన్ ఆపకుండా గీజర్, ఏసీ, మోటారు లాంటి వాటి స్విచ్‌లు విడిగా ఆపండి. కెమెరాకీ రౌటర్‌కీ ఇన్వర్టర్ లైను ఉండాలి. రికార్డింగ్ పెట్టె టీవీ పక్కనే ఉంటే దొంగ దాన్నే ముందు పట్టుకుపోతాడు. అటక మీదో, తాళం వేసే అలమరలోనో పెట్టించండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చడం మర్చిపోకండి, లేకపోతే మీ హాలు మీకంటే ముందు ఇంకెవరో చూస్తారు.

గ్యాస్, నీళ్ల సంగతి?

సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపేయండి, స్టవ్ నాబ్ ఒక్కటి ఆపితే చాలదు. ట్యాంకు నుంచి వచ్చే వాల్వు కట్టేయండి. దేవుడి గదిలో దీపం వెలిగించి వెళ్లకండి.

## ఊరెళ్లే ముందు: బంగారం, డబ్బు

ఇంట్లో బంగారం ఎక్కడ దాస్తే దొరకదు?

దొరకని చోటంటూ లేదు. బియ్యం డబ్బా, పప్పుల డబ్బా, దేవుడి పటాల వెనక, పరుపు కింద, బీరువాలో పట్టుచీరల మడతల్లో. ఇవన్నీ దొంగ మొదటి పది నిమిషాల్లో చూసేవే. తాళం వేసిన ఇంట్లో అతనికి తొందర ఉండదు, రాత్రంతా ఉంటుంది. పండక్కి పెట్టుకునేవి పెట్టుకుని, మిగతావి బ్యాంకు లాకర్లో పెట్టండి. బీరువా తాళాలు బీరువా పైనే పెట్టి వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు చెప్పడం నేను మానేశాను.

బ్యాంకు లాకర్లో పెడితే పూర్తి భద్రతేనా? పోతే బ్యాంకు ఇస్తుందా?

ఇంటికంటే ఎన్నో రెట్లు నయం, కానీ బ్యాంకు మొత్తం విలువ ఇవ్వదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, సిబ్బంది మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు వంద రెట్ల దాకా. ఏటా 3,000 రూపాయలు కడుతుంటే గరిష్ఠంగా 3 లక్షలన్న మాట. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు కాబట్టి లెక్క మీరే రాసి ఉంచుకోవాలి. వరదలాంటి ప్రకృతి విపత్తుకి, తన నిర్లక్ష్యం లేనంత వరకు, బ్యాంకు బాధ్యత వహించదు. ఇంకో మాట, పండగ రోజుల్లో వరుసగా సెలవులొస్తాయి. ముందే వెళ్లి పెట్టిరండి.

నగల ఫోటోలు తీసి పెట్టుకోమంటారు. ఎందుకు?

పోయినప్పుడు స్టేషన్‌లో "నెక్లెస్, నాలుగు కాసులు" అంటే అలాంటివి వెయ్యి ఉంటాయి. ఒక్కో నగని తెల్లగుడ్డ మీద పెట్టి రెండువైపులా ఫోటో తీయండి. బరువు, రాళ్లు, అతుకులు, విరిగిన కొక్కెం లాంటి గుర్తులు రాసుకోండి. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగలకు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంకేతం తప్పనిసరి, ఒక్కో నగకి ఒక్కోటి. అది బిల్లు మీద లేకపోతే నగ మీద భూతద్దంతో చూసి రాసుకోండి. వస్తువు దొరికినప్పుడు ఇది మాదే అని చూపడానికి ఇంతకు మించిన రుజువు లేదు. ఆ ఫోటోలు ఒక్క ఫోన్‌లోనే ఉంచకండి, ఫోన్ కూడా పోవచ్చు.

ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది. దొంగతనం జరిగితే వస్తుందా?

పాలసీ కాగితం తీసి చూడండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్మే 'భారత్ గృహ రక్ష'లో అగ్నిప్రమాదం, వరద లాంటివి ఉంటాయి. దొంగతనం మాత్రం అలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు, దాని కారణంగా జరిగితేనే వర్తిస్తుంది. మామూలుగా తాళం పగలగొట్టి దోచుకెళ్లడానికి విడిగా బర్గ్లరీ కవర్ తీసుకోవాలి. ఇల్లు లోనుతో పాటు అంటగట్టిన పాలసీలో ఏముందో చాలామంది చూడనే చూడరు.

## ప్రయాణంలో

బస్సులో, రైల్లో నగలు ఎలా తీసుకెళ్లాలి?

పైన పెట్టే సూట్‌కేసులో వద్దు, సీటు కింద సంచిలో వద్దు. ఒంటికి తగిలి ఉండే చిన్న సంచిలో, నిద్రపోయినా చేతికింద ఉండేలా పెట్టుకోండి. బస్టాండులో బస్సెక్కే తోపులాటలోనే ఎక్కువ పోతాయి. ఒకరు ముందు అడ్డం నిలబడతారు, ఇంకొకరు వెనక నుంచి జిప్పు తీస్తారు. "అక్కా, మీ చీర మీద ఏదో పడింది" అని ఎవరైనా అంటే ముందు సంచి పట్టుకోండి, తర్వాత చీర చూసుకోండి. "అమ్మా, మీ డబ్బులు కింద పడ్డాయి" అనేది కూడా ఇదే బాపతు.

రైలు కదులుతుండగా దొంగతనం జరిగితే దిగిపోయి కేసు పెట్టాలా?

అక్కర్లేదు. 139కి ఫోన్ చేసి కోచ్, బెర్తు నంబరు చెప్పండి. టీటీఈ దగ్గరో రైల్లో ఉండే రైల్వే పోలీసుల దగ్గరో ఫిర్యాదు ఫారం ఉంటుంది, నింపి ఇస్తే వాళ్లే తర్వాతి స్టేషన్‌లోని రైల్వే పోలీసులకు అందిస్తారు. మీ ప్రయాణం ఆపుకోనక్కర్లేదు.

రాత్రిపూట కారులో వెళ్తున్నాం. జాగ్రత్తలు?

హైదరాబాద్–విజయవాడ దారిలో భోగి ముందు రెండు రోజులు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాల దగ్గర బండ్లు బారులు తీరతాయి. ఆ రద్దీలో అద్దాలు దించి, ఫోన్ డాష్‌బోర్డు మీద పెట్టుకుని నిద్రపోకండి. చీకట్లో ఎవరో బండి పక్కన వచ్చి "టైరు గాలి పోయింది", "ఆయిల్ కారుతోంది" అని సైగ చేస్తే అక్కడే ఆపకండి, మనుషులున్న పెట్రోలు బంకు దాకా పోనివ్వండి. నిజంగా పంక్చరే అయి, అక్కడిదాకా నడపడం వల్ల టైరు పాడైనా కొత్తది కొనుక్కోవచ్చు, ఒంటరి రోడ్డు మీద నగలతో నిలబడటం కంటే అది నయం. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033.

అసలు ప్రమాదం దొంగలది కాదు, నిద్రది. తెల్లవారుజామున మూడు నుంచి ఐదింటి మధ్య కళ్లు మూతలు పడుతుంటే బండి పక్కకి తీసి అరగంట పడుకోండి.

టోల్‌గేట్ దగ్గర సెల్ఫీ స్టేటస్‌లో పెడితే తప్పేముంది?

మీ కాంటాక్టుల్లో ఏసీ మెకానిక్ ఉంటాడు, ఎప్పుడో ఒకసారి వచ్చిన ప్లంబర్ ఉంటాడు, పేరు కూడా గుర్తులేని మరో రెండొందల మంది ఉంటారు. వాళ్లంతా మంచివాళ్లే కావచ్చు. వాళ్లలో ఒకరి ఫోన్ ఎవరి చేతిలో ఉందో మనకు తెలియదు కదా. గాలిపటాలు, గొబ్బెమ్మలు, కొత్త అల్లుడు, అన్నీ తిరిగొచ్చాక పెట్టుకోండి.

## పండగ రోజుల్లో: ఊళ్లోనే ఉండేవాళ్లకు

పొద్దున్నే ముగ్గు వేసేటప్పుడు గొలుసులు తెంపుతారంటారు, నిజమా?

నిజం. ఐదు గంటలకి మంచు, వీధిలో జనం ఉండరు, ముగ్గు వేసే మనిషి తల వంచుకుని ఉంటుంది. బండి మీద ఇద్దరొస్తారు. జనవరి చలిలో మంకీ క్యాపు పెట్టుకుని వచ్చేవాణ్ణి ఎవరూ అనుమానించరు. ఇంటి నంబరో, ఎవరి పేరో అడుగుతూ దగ్గరికొచ్చి, వెనక కూర్చున్నవాడు చెయ్యి వేస్తాడు.

పుస్తెలతాడు తీసేయమని ఎవరికీ చెప్పలేం, చెప్పినా వినరు. కొంగు మెడ చుట్టూ తిప్పుకుని దోపుకోండి లేదా శాలువా కప్పుకోండి. నల్లపూసలు, నెక్లెస్ లోపల పెట్టి రండి. బండి చప్పుడు దగ్గరైతే లేచి నిలబడి గేటు వైపు జరగండి. లైనులో నలుగురు ఒకే సమయానికి ముగ్గులు మొదలుపెడితే అంతకంటే భద్రత లేదు, పైగా పోటీ కూడా. ఒకవేళ గొలుసు పట్టుకుంటే పెనుగులాడకండి. బండి లాక్కుపోతే తలకు దెబ్బ తగులుతుంది. బండి రంగు, ఎటు పోయింది, వెనకవాడి చొక్కా గుర్తుంచుకుని వెంటనే 112కి చెప్పండి. పాత ఐపీసీ స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గొలుసు లాక్కుపోవడం 304వ సెక్షన్ కింద విడి నేరం, మూడేళ్ల దాకా శిక్ష ఉంది.

అమ్మానాన్న ఇంట్లో ఒంటరిగా ఉంటారు. వాళ్లకి ఏం చెప్పి వెళ్లాలి?

మూడు మోసాలు చెప్పి, వాళ్లచేత తిరిగి చెప్పించుకోండి. ఒకటి, బంగారానికి మెరుగు పెడతామని వచ్చేవాళ్లు. నగని యాసిడ్ ద్రావణంలో ముంచుతారు, తళతళలాడుతూ బయటికొస్తుంది, కానీ కొంత బంగారం ఆ నీళ్లలోనే కరిగి వాళ్లతో వెళ్లిపోతుంది. రెండు, రోడ్డు మీద "మేం పోలీసులం, ముందు వీధిలో దొంగతనం జరిగింది, నగలు తీసి ఈ కాగితంలో చుట్టుకోండి" అనేవాళ్లు. ఇంటికొచ్చి విప్పితే రాళ్లుంటాయి. ఏ పోలీసూ నడిరోడ్డు మీద నగలు తీయించడు. మూడు, గ్యాస్ కంపెనీ నుంచనో, పింఛను సర్వే అనో లోపలికి వచ్చి మంచినీళ్లు అడిగేవాళ్లు. తలుపు గొలుసు తీయకుండానే మాట్లాడమనండి. నీళ్లివ్వకపోతే పాపమని మా అమ్మ వాదించేది. ఇప్పుడు గేటు బయటే చిన్న కుండ పెట్టాం.

చైనా మాంజా నిషేధించారు కదా, ఇంకా భయమెందుకు?

జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. అయినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. 2024 సంక్రాంతికి హైదరాబాద్ లంగర్‌హౌజ్ ఫ్లైఓవర్ మీద బండి మీద వెళ్తున్న ఒక సైనికుడి గొంతు తెగి ప్రాణం పోయింది. నైలాన్ దారం తెగదు, మెడే తెగుతుంది. ఆ నాలుగు రోజులూ బండి నెమ్మదిగా నడపండి, మెడకి మందపాటి మఫ్లర్ చుట్టుకోండి, పిల్లల్ని ముందు నిలబెట్టుకోకండి. అమ్మే షాపు తెలిస్తే 100కి చెప్పండి. తీగల మీద చిక్కిన గాలిపటాన్ని ఇనుప కమ్మీతో లాగే పిల్లల్ని చూస్తే, ఎవరి పిల్లలైనా సరే, ఆపండి.

"గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు" అని వాట్సాప్‌లో వచ్చింది. గ్రూపులో పెట్టనా?

వద్దు. 2018 మే నెలలో సరిగ్గా ఇలాంటి పుకార్లే తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా తిరిగాయి. ముష్టి ఎత్తుకునేవాళ్లను, దారి తప్పినవాళ్లను కట్టేసి కొట్టారు, హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ప్రాణం పోయింది. మెసేజ్‌లో తేదీ లేకపోయినా, ఏ స్టేషన్ పరిధో చెప్పకపోయినా అక్కడితో ఆపేయండి. నిజంగా అనుమానం ఉంటే స్టేషన్‌కి ఒక్క ఫోన్ చేసి అడిగితే తేలిపోతుంది.

దొంగ దొరికితే నాలుగు తగిలించొచ్చా?

లేదు. కళ్లముందు దొంగతనం లాంటి నేరం చేసినవాణ్ణి పట్టుకునే హక్కు మామూలు పౌరుడికి కూడా చట్టంలో ఉంది. కానీ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. కొడితే కేసు మీ మీదికి తిరుగుతుంది. వాడి చేతిలో కత్తి ఉందో లేదో తెలియనప్పుడు పట్టుకోవడం కూడా వద్దు, గట్టిగా అరవండి, లైట్లు వేయండి.

కోడిపందేల బరి దగ్గర బండి పెట్టొచ్చా?

పందేలూ గుండాటా చట్టవిరుద్ధం, ఆ మాట పక్కన పెట్టినా, బండ్లు ఎక్కువగా పోయేది ఆ తోటల్లోనే. హ్యాండిల్ లాక్ ఒక్కటే చాలదు, చక్రానికి గొలుసు తాళం వేయండి. అసలు వెళ్లకపోతే రెండు నష్టాలూ తప్పుతాయి.

## ఫోన్‌లో వచ్చే దొంగలు

పండగ శుభాకాంక్షలనీ, పెళ్లి శుభలేఖనీ ఫైల్ వచ్చింది. తెరవొచ్చా?

ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్సెమ్మెస్‌లు అవతలివాడు చదువుతాడు, ఓటీపీలు మీరు చెప్పకుండానే పోతాయి. ట్రాఫిక్ చలానా, కరెంటు బిల్లు, రైతుల పథకం పేర్లతోనూ ఇవే ఫైళ్లు తిరుగుతుంటాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా నమ్మకండి, వాళ్ల ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు. పొరపాటున ఇన్‌స్టాల్ చేస్తే వెంటనే డేటా ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి లావాదేవీలు ఆపించండి.

బస్సు టికెట్ రద్దు చేశాను. రీఫండ్ కోసం గూగుల్‌లో దొరికిన నంబరుకి ఫోన్ చేస్తే యాప్ వేసుకోమన్నారు.

యాప్ వేసుకోకండి, ఫోన్ పెట్టేయండి. నంబరు టికెట్ మీదో, ఆ కంపెనీ సొంత యాప్‌లోనో చూసుకోవాలి. గూగుల్‌లో పైన కనిపించే నంబర్లలో దొంగవీ ఉంటాయి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొడుతున్నారంటే డబ్బు పోతోందని అర్థం.

వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్ వేసుకుని "డిజిటల్ అరెస్ట్" అన్నారు. నిజంగా ఉంటుందా?

ఉండదు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. పార్శిల్లో డ్రగ్స్ దొరికాయనీ, ఆధార్ మీద మనీలాండరింగ్ కేసనీ భయపెట్టి, కాల్ కట్ చేయనివ్వకుండా గంటలు గంటలు కూర్చోబెడతారు. పిల్లలు దూరంగా ఉండే రిటైర్డ్ ఉద్యోగులే ఎక్కువగా దొరికిపోతున్నారు. కాల్ కట్ చేసి పక్కింటి తలుపు కొట్టడమే మందు.

డబ్బు పోయింది. ఏం చేయాలి?

ఏడవడానికి తర్వాత టైముంటుంది, ముందు 1930. లావాదేవీ నంబరు, మొత్తం, ఏ బ్యాంకు నుంచి పోయిందో చెబితే డబ్బు ఇంకో ఖాతాకి మారేలోపు ఆపడానికి వీలుంటుంది. అందుకే మొదటి గంట విలువైనది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా చెప్పండి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడో మనిషి వల్ల పోతే, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయింది మీదే. కాబట్టి సిగ్గుపడి ఆలస్యం చేసే ప్రతి నిమిషానికీ ఖరీదుంది.

## తిరిగొచ్చాక

వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది. ముందు ఏం చేయాలి?

లోపలికి వెళ్లకండి. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు. గేటు బయట నిలబడి 112కి ఫోన్ చేయండి. పోలీసులు వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి.

కొన్నేళ్ల కింద మా ఇంట్లోనే ఇది జరిగింది. దొంగ బియ్యం డబ్బా మొత్తం వంటింట్లో కుమ్మరించాడు. తెల్లటి బియ్యం మీద చెప్పు జాడ ఒకటి, అచ్చు వేసినట్టు పడి ఉంది. మడమ దగ్గర అరిగిన గీతలు కూడా కనబడుతున్నాయి. నేను స్టేషన్‌కి పరిగెత్తి, క్లూస్ టీమ్‌తో తిరిగొచ్చేలోపు మా మామగారు "ఎవరైనా వస్తే బాగుండదు" అని శుభ్రంగా ఊడ్చి, చేటలో చెరిగి, బియ్యం మళ్లీ డబ్బాలో పోశారు. బీరువా తలుపులు కూడా తడిగుడ్డతో తుడిచారు. వచ్చినతను డబ్బా వైపు, నా వైపు చూసి పెట్టె మూసేశాడు. ఆ నగలు ఇప్పటికీ దొరకలేదు. ఆ బియ్యం మాత్రం నెలరోజులు తిన్నాం.

ఎఫ్ఐఆర్ కట్టడానికి "మా పరిధి కాదు" అంటే?

పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, తర్వాత సంబంధిత స్టేషన్‌కి బదిలీ అవుతుంది. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. అసలే తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపవచ్చు. ఇంట్లో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305, తలుపు పగలగొట్టి చొరబడటానికి 331 వర్తిస్తాయి. ఎఫ్ఐఆర్‌లో రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

పోయినవాటి లెక్క కొంచెం ఎక్కువ రాస్తే నష్టమా?

నష్టమే. దొంగ దొరికి అతను చెప్పేదానికీ మీరు రాసినదానికీ పొంతన లేకపోతే కోర్టులో కేసు బలహీనపడుతుంది. తక్కువ రాసినా ఇబ్బందే, తర్వాత దొరికిన నగ మీ జాబితాలో ఉండదు. ఆ రాత్రి గుర్తురానివి రెండ్రోజుల తర్వాత గుర్తొస్తే అదనపు వాంగ్మూలం ఇవ్వండి.

సొత్తు రికవరీ అయింది. కేసు తేలేదాకా ఇవ్వరా?

అప్పటిదాకా ఆగక్కర్లేదు. నగలు మీవేనని చూపి, మధ్యంతరంగా అప్పగించమని కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు. అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని పూచీకత్తు ఇవ్వాలి. నగని ఈలోపు కరిగించడం, మార్పించడం చేయకూడదు.

ఫోన్, చెక్‌బుక్, ఆధార్ కూడా పోయాయి.

సిమ్ ముందు బ్లాక్ చేయించండి. ఫిర్యాదు నకలుతో సంచార్ సాథీ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు (ప్రతి హ్యాండ్‌సెట్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇస్తే ఆ హ్యాండ్‌సెట్ ఏ సిమ్‌తోనూ పనిచేయకుండా ఆపుతారు. ఆ నంబరు ఫోన్ కొన్న బిల్లు మీద ఉంటుంది. ఫోన్ చేతిలో ఉండగానే *#06# నొక్కి రాసిపెట్టుకుంటే ఇంకా మంచిది. చెక్కులకు బ్యాంకులో స్టాప్ పేమెంట్, ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్.

## మిగతా కాలాల్లో

ఎండాకాలం మేడ మీద పడుకుంటాం. కింద తాళం వేయాలా?

వేయాలి. తాళంచెవి తలగడ కింద కాదు, మొలకో మెడకో ఉండాలి. గాలి కోసం కిటికీలు తెరిచి కింద పడుకునేవాళ్లు ఫోన్ కిటికీ పక్కన ఛార్జింగ్ పెట్టకండి, చొక్కా, ప్యాంటు కిటికీకి దగ్గరగా తగిలించకండి. కమ్మీల్లోంచి కర్ర పెట్టి లాగేస్తారు. కూలర్ చప్పుడులో పక్కగదిలో బీరువా తెరిచినా వినబడదు, కాబట్టి నగలున్న గదిలోనే పడుకోండి.

వానాకాలంలో దొంగతనాలు తగ్గుతాయా?

వాన చప్పుడుకి గొళ్ళెం ఊడిన శబ్దం కలిసిపోతుంది, కరెంటు పోతే వీధిలైట్లూ ఉండవు, కుక్కలు కూడా అరుగుల కింద దూరి పడుకుంటాయి. తగ్గుతాయని నేనైతే అనుకోను. జోరువాన రాత్రి పెరటి తలుపు గడియ ఒకటికి రెండుసార్లు చూసుకుని పడుకోండి.